నిలకడ

కాంటాక్ట్ శాంప్లర్‌కు స్క్రిప్టు రాయడం మొదలుపెట్టినవాళ్లకు తొందరలోనే ఎదురయ్యే ఆదేశం ఒకటుంది: మేక్ పర్సిస్టెంట్. తెర మీద ఒక నాబ్ పెడతాం. దానికో పేరిస్తాం. ఆ కిందనే ఈ ఆదేశం రాసి, బ్రాకెట్లలో ఆ నాబ్ పేరు చేరుస్తాం. ఆ ఒక్క వరస ఉంటే, వాయించే మనిషి నాబ్‌ను ఎక్కడికి తిప్పి వదిలాడో, ప్రాజెక్టు మళ్లీ తెరిచిననాడు అది అక్కడే ఉంటుంది. లేకపోతే స్క్రిప్టు పుట్టినప్పటి విలువకు వెళ్లిపోతుంది. రాత్రంతా కూర్చుని కుదుర్చుకున్న తంబుర శ్రుతి తెల్లారి తెరిస్తే ఉండదు.

ఆ పర్సిస్టెంట్‌కు తెలుగులో సరైన మాట ఏది? ఇంగ్లీషు మాటనే మన లిపిలో రాసుకోవచ్చు, రాసుకుంటున్నాం కూడా. హైదరాబాదు, చెన్నై స్టూడియోల్లో ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు నాబ్‌కీ ప్రీసెట్‌కీ తెలుగు వెతుక్కోరు, వెతుక్కోనక్కర్లేదు కూడా. అవి వస్తువుల పేర్లు. చూపిస్తే తెలిసిపోతాయి. పర్సిస్టెంట్ అలా చూపించగలిగేది కాదు. అది ఒక గుణం. ప్లగిన్ స్క్రిప్టుల్లో డేటా పోయిందని తల పట్టుకునే సందర్భాలు చాలావరకు ఈ గుణాన్ని మరోలా ఊహించుకోవడం వల్ల వచ్చేవే. అందుకే మాట కోసం వెతుకులాట.

లాటిన్‌లో ఇది పెర్‌సిస్తెరె. పెర్ అంటే ఆసాంతం, సిస్తెరె అంటే నిలుచు, నిలుపు. ఈ సిస్తెరెకూ సంస్కృతంలోని తిష్ఠతికీ మూలం ఒకటే. రెండింటా ధాతువు మొదటి భాగం రెండుసార్లు పలికి అలా తయారైంది. మనవాళ్లు ఎవరైనా వచ్చి కదలకుండా కూర్చుంటే తిష్ఠ వేశాడంటారే, పర్సిస్ట్‌లో ఉన్నది ఆ తిష్ఠకు దూరపు చుట్టమే. ఇంగ్లీషు స్టేట్ కూడా ఆ కుటుంబంలోదే. ప్లగిన్లు రాయడానికి చాలామంది వాడే జ్యూస్ అనే సీ ప్లస్ ప్లస్ చట్రంలో, ప్లగిన్ లోపలి పరిస్థితినంతా మూటగట్టి, దాన్ని నడిపే హోస్టు ప్రోగ్రాంకు అప్పగించే ఫంక్షన్ పేరు గెట్ స్టేట్ ఇన్ఫర్మేషన్. దాన్ని స్థితి అంటే మూలానికీ న్యాయం, అర్థానికీ న్యాయం.

మరి పర్సిస్టెంట్‌ను స్థిరం అనేయవచ్చు కదా? కుదరదు. మన లెక్కల పుస్తకాలు స్థిరాంకాన్ని ఎప్పుడో మారని అంకెకు ఇచ్చేశాయి. స్క్రిప్టులో మనం నిలపాలనుకుంటున్నది మారేదాన్ని, అంటే చలరాశిని. స్థిర చలరాశి అంటే వినేవాడికి తల తిరుగుతుంది. శాశ్వతం అంటే మాట బరువు మోయలేనంత ఎక్కువైపోతుంది, ఏ హార్డ్ డిస్కూ ఆ హామీ ఇవ్వదు. నిరంతరం అన్నవాళ్లూ ఉన్నారు. అది అర్థానికే ఎదురు. నిరంతరమంటే అంతరం లేనిది, మధ్యలో తెగనిది. మన నాబ్ విలువ సంగతి అలా కాదు. కంప్యూటర్ ఆపేశాక అది ఎక్కడా నడవడం లేదు. తెగాక, తెగిన చోటు దాటి వచ్చి మళ్లీ తన చోట్లో నిలబడటమే దాని గొప్ప. పోనీ పట్టుదల అందామా అంటే, అది మనుషులది, దాన్ని అక్కడే ఉంచుదాం.

ఇక మిగిలింది మన సొంత ధాతువు. నిల్ అనేది తమిళ, మలయాళ, కన్నడాలతో పంచుకున్న పాత ద్రావిడ మూలం. సంస్కృతంతో దానికి పుట్టుక సంబంధం లేదు కానీ స్థా చేసిన పనే ఇదీ చేసింది, అంతకంటే ఎక్కువే చేసిందంటాను. నిలుచు, నిలుపు, నిలబడు, నిలబెట్టు, నిలదీయు, నిలువరించు, నిలువు, నిలువెత్తు, నిలుపుదల, నిలవ, నిలకడ. తిరుమల మొక్కుల్లో ఒంటి మీద ఉన్న నగలన్నీ సమర్పించే నిలువుదోపిడి కూడా ఇందులోదే.

ఇంత పెద్ద కుటుంబంలో ఒక చిక్కుంది. నిలవడానికి రెండు ముఖాలు. బండి నిలిచిపోయింది అంటే ఆగింది. పేరు నిలిచిపోయింది అంటే పోకుండా మిగిలింది. పాట నిలిచిపోయింది అంటే ఏమనుకోవాలి? మధ్యలో కరెంటు పోయి ఆగిందా, జనం గుండెల్లో మిగిలిందా? సందర్భం తప్ప వేరే ఆధారం లేదు. ధ్వనితో పనిచేసే విద్యలో ఈ అస్పష్టత ప్రమాదం. నిలుపు అని ఆదేశం రాస్తే ఆపమని అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ. అందుకని ధాతువును అలాగే తీసుకోకుండా, దాని సంతానంలో ఆగడం అనే అర్థం అంటని మాటను ఎంచుకోవాలి. అలాంటివి ముఖ్యంగా రెండు: నిలవ, నిలకడ.

నిలవ, నిలువ, నిల్వ మూడు రకాలుగానూ రాస్తాం. చిట్టాల్లో ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ ఉంటాయి. గోదాముల్లో ధాన్యం నిల్వ ఉంటుంది. కంప్యూటర్ స్టోరేజీకి తెలుగులో నిల్వ ఇప్పటికే స్థిరపడింది, బాగానే అమరింది. కానీ వంటింట్లో ఈ మాటకు ఇంకో వాడుక ఉంది. ఆవకాయ జాడీ చేతికిస్తే అవతలివాళ్లు అడిగే ప్రశ్న: ఇది ఎన్నాళ్లు నిలవ ఉంటుంది? ఉంటుందా, ఉండదా అని కాదు, ఎన్నాళ్లు అని. ఈ ఆవకాయ ఏడాది, ఆ గోంగూర నెల, ఆ కొబ్బరి పచ్చడి ఈ పూటే. ఇక్కడ నిలవ అంటే దాచిన చోటు కాదు, దాచిన సరుకు. అదీ కాదు, ఆ సరుకు తట్టుకోగలిగిన కాలం.

కంప్యూటర్ శాస్త్రంలో పర్సిస్టెన్స్‌కు కచ్చితమైన అర్థం ఇచ్చినవాళ్లు చెప్పిందీ ఇదే. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయాల్లో మాల్కం అట్కిన్సన్, రోనాల్డ్ మారిసన్, వాళ్ల సహచరులు పీఎస్ ఆల్గోల్ అనే భాషను తయారుచేశారు. 1983లో ది కంప్యూటర్ జర్నల్‌లో పర్సిస్టెంట్ ప్రోగ్రామింగ్ గురించి వ్యాసం అచ్చువేశారు. వాళ్ల లెక్కలో పర్సిస్టెన్స్ ఉన్నదీ లేనిదీ అని రెండు ముక్కలు కాదు. ఒక డేటా ఎంతకాలం ఉండి పనికొస్తుందో ఆ కాలమే దాని పర్సిస్టెన్స్. ఒక కూడిక జరిగేంతసేపు ఉండి పోయే మధ్యంతర ఫలితం ఒక కొసన ఉంటే, తనను పుట్టించిన ప్రోగ్రామే పోయాక కూడా మిగిలే డేటా రెండో కొసన ఉంటుంది. మధ్యలో ఎన్నో మెట్లు. వాళ్లింకో మాట అన్నారు, నా దృష్టిలో అదే అన్నిటికంటే విలువైనది: డేటా ఏ రకానిదైనా నిలిచే హక్కు సమానంగా ఉండాలి. అంకె నిలుస్తుంది, జాబితా నిలవదు అనే తేడా భాషలో ఉండకూడదు.

కొన్ని ప్లగిన్ స్క్రిప్టు భాషల్లో ఆ తేడా ఉంది. తెర మీది భాగాల్లో డేటా దాచుకోవడమనే అలవాటు పుట్టింది అక్కడే.

ప్లగిన్ తనంతట తాను నడిచే ప్రోగ్రాం కాదు. క్యూబేసో, లాజికో, రీపరో లాంటి హోస్టు ప్రోగ్రాం దాన్ని తనలోకి ఎక్కించుకుంటుంది. స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో వీఎస్‌టీ తెచ్చిన నాటి నుంచీ బేరం ఇదే: ప్రాజెక్టు దాచే బాధ్యత హోస్టుది, దాచవలసింది చెప్పే బాధ్యత ప్లగిన్‌ది. 2008 నాటి వీఎస్‌టీ 3 ఇంకో అడుగు వేసి ధ్వనిని తయారుచేసే భాగాన్నీ, తెరనూ పారామీటర్లనూ చూసుకునే భాగాన్నీ వేరుచేసింది. జ్యూస్‌లోనూ అంతే, ప్రాసెసర్ వేరు, ఎడిటర్ వేరు. కిటికీ మూస్తే ఎడిటర్‌ను హోస్టు కూల్చేస్తుంది, తెరిస్తే కొత్తది పుడుతుంది. పాట మాత్రం మోగుతూనే ఉంటుంది. ఎడిటర్‌లోని ఒక బటన్ తన సొంత చలరాశిలో ఏదైనా దాచుకుని ఉంటే, ప్రాజెక్టు మూయడం దాకా అక్కర్లేదు, కిటికీ మూయగానే అది పోతుంది. చెవికి ఏమీ తెలియదు.

ఈ సందర్భంలో నిలయం గుర్తొస్తుంది. చూడ్డానికి నిలు కుటుంబంలోదిలా ఉంటుంది, కాదు. అది సంస్కృతం, ని అనే ఉపసర్గ మీద లీ ధాతువు. లీ అంటే అంటుకొను, ఒదుగు, కరగు. లయం అక్కడిదే, తాళంలోని లయ అక్కడిదే. ఇల్లు అనే అర్థమిచ్చే మాట లోపల లయం కూర్చుని ఉంది. తెర మీది భాగం డేటాకు నిలయమే, కానీ ఆ మాటలోని ధాతువు ఏదో మరిచిపోకూడదు.

రీపర్‌లో స్క్రిప్టుగా రాసే జేఎస్‌ఎఫ్‌ఎక్స్ ప్లగిన్లలో స్లయిడర్లను హోస్టే దాచిపెడుతుంది, మనం అడగనక్కర్లేదు. మిగతా చలరాశులకు ఆ భాగ్యం లేదు. ఇనిట్ అనే విభాగం ప్లగిన్ ఎక్కించినప్పుడే కాదు, పాట మొదలుపెట్టిన ప్రతిసారీ మళ్లీ నడుస్తుంది. సీరియలైజ్ విభాగం రాయకపోతే ఆ సమయంలో చలరాశులన్నీ సున్నా అవుతాయి. అంటే ఇక్కడ నిలకడ లేని విలువ ప్రాజెక్టు మూసేదాకా కూడా ఆగదు, ప్లే నొక్కితే చాలు. దాన్ని నిలపాలంటే సీరియలైజ్‌లో ఫైల్ వార్ అనే ఫంక్షన్‌కు ఒక్కొక్కటిగా అప్పగించాలి. రాయడానికీ చదవడానికీ ఒకే ఫంక్షన్. పేర్లుండవు, వరస మాత్రమే ఉంటుంది. మూడోదిగా రాసింది మూడోదిగా చదువుకోవాలి. తర్వాతి వెర్షన్‌లో కొత్త చలరాశిని మధ్యలో దూర్చితే పాత ప్రాజెక్టుల్లో ఒకరి విలువ ఇంకొకరికి పోతుంది. కొత్తవాటిని చివర్లోనే చేర్చాలి.

క్రిస్టాఫ్ హార్ట్ రూపొందించిన హైస్ సంగతి వేరు. అది జ్యూస్ మీద కట్టిన ఓపెన్ సోర్స్ పనిముట్టు, స్క్రిప్టు భాష జావాస్క్రిప్ట్‌ను పోలి ఉంటుంది. ఇందులో స్క్రిప్టు ద్వారా పుట్టించిన నాబ్ గానీ ప్యానెల్ గానీ కిటికీ మూసినా చావదు. తెర మీద కనిపించేది దాని రూపం మాత్రమే. ప్రతి భాగానికీ సేవ్ ఇన్ ప్రీసెట్ అనే గుణం ఉంటుంది. దానికి టిక్కు ఉంటే ఆ భాగం విలువ యూజర్ ప్రీసెట్ ఫైల్లోకి, ఆ భాగం పేరుతో సహా, వెళ్తుంది.

తంబుర వాయిద్యం ఒకటి తయారుచేస్తున్నామనుకుందాం. శ్రుతికి ఒక నాబ్, అది ఒక్క అంకె, నిలుస్తుంది. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం, ఈ నాలుగు తీగలకూ సెంట్లలో సన్న సవరింపులు కావాలి. వాటిని ఒక ప్యానెల్ మీద గీసి, మౌస్‌తో లాగనిస్తాం. నాలుగు అంకెల ఈ జాబితాను ఎక్కడ పెట్టాలి? ప్యానెల్‌కు డేటా అనే వస్తువు ఒకటి సిద్ధంగా ఉంది. పేరు చూసి ఎవరైనా అందులోనే పెడతారు. అది పనిచేస్తుంది కూడా, కిటికీ మూసి తెరిచినా ఉంటుంది. ప్రాజెక్టు మూసి తెరిస్తే ఉండదు. డేటా అన్నది ఆ పూటకు మాత్రమే. ప్రీసెట్‌లోకి వెళ్లేది ప్యానెల్ విలువ, సెట్ వాల్యూ ద్వారా ఇచ్చింది. అదృష్టవశాత్తూ ప్యానెల్ విలువ ఒక్క అంకే కానక్కర్లేదు, జాబితా ఇచ్చినా పుచ్చుకుని జేసన్ పాఠంగా ఫైల్లో రాసుకుంటుంది. కాబట్టి నాలుగు తీగల సవరింపులూ విలువగా ఇవ్వాలి, మౌస్ ఇప్పుడు ఏ తీగ మీద ఉందన్నది డేటాలో ఉండాలి. మౌస్ సంగతి రేపటికి అక్కర్లేదు. ఒకే భాగంలో ఒకటి ఏడాది పచ్చడి, ఒకటి పూట పచ్చడి.

ఈ వెసులుబాటు తెలిశాక కొందరు ఏమీ గీయని ప్యానెల్‌ను కనిపించకుండా దాచి, తెరతో సంబంధం లేని సంగతులన్నీ దాని విలువలో కుక్కుతారు. అంకెకున్న హక్కు జాబితాకు లేనప్పుడు జాబితా అంకె వేషం వేసుకుని లోపలికి వెళ్తోంది. ఇది తప్పని నేననను. 1983లో అడిగిన సమానత్వం అందకపోతే మనుషులు దారి చేసుకుంటారు. కానీ నా మాట ఇది: విలువ ఆ భాగం చూపించేదే అయితే ఆ భాగంలోనే నిలపడం సబబు. తంబుర తీగల ప్యానెల్ అలాంటిది. చూపించనిదైతే దాని కోసం దొంగ ప్యానెల్ పెట్టడం కంటే, హైస్‌లోనే యూజర్ ప్రీసెట్ హ్యాండ్లర్ ద్వారా ఏం దాచాలో, ఎలా చదవాలో మనమే రాసుకునే పద్ధతి మేలు. కొంచెం ఎక్కువ పని. కానీ రెండేళ్ల తర్వాత ఆ స్క్రిప్టు తెరిచిన మనిషికి ఏది ఎందుకు అక్కడుందో తెలుస్తుంది.

పేరు సంగతి ఇందాక వదిలేశాను. హైస్ ప్రీసెట్‌లో విలువ దొరికేది భాగం పేరును బట్టి. నాబ్ 1 అని తోచిన పేరు పెట్టి, ప్లగిన్ జనంలోకి వెళ్లాక దాన్ని శ్రుతి అని అందంగా మారిస్తే, పాత ప్రీసెట్లలోని విలువ నాబ్ 1 పేరు మీదే ఉండిపోతుంది, శ్రుతికి అందదు. జ్యూస్ పారామీటర్లకు ఇచ్చే గుర్తింపు పేర్లకూ ఇదే నియమం. పేరు నిలబెట్టుకోవడమని మనం మనుషుల గురించి అంటాం. ఇక్కడ అక్షరాలా అదే, పేరు నిలిస్తేనే విలువ నిలుస్తుంది. జేఎస్‌ఎఫ్‌ఎక్స్‌లో వరస నిలవాలి, హైస్‌లో పేరు నిలవాలి. దేని మీద నిలబడిందో చెప్పకుండా నిలిచిందని చెప్పడం సగం మాటే.

ఇప్పుడు నిలకడకు వస్తాను. రాకడ, పోకడ, నిలకడ ఒకే అచ్చులో పోసిన మాటలు. నిఘంటువుల్లో నిలుకడ అనే రూపమూ ఉంది. దీని మీద ఒక అభ్యంతరం ఉంది, గట్టిదే. పత్రికల్లో రోగి ఆరోగ్యం నిలకడగా ఉందంటారు, బంగారం ధర నిలకడగా ఉందంటారు. అక్కడ అర్థం మారకపోవడం. అలాంటప్పుడు స్థిరాన్ని కాదన్న కారణంతోనే దీన్నీ కాదనాలి కదా? కానీ ఆ వాక్యాలను జాగ్రత్తగా వినండి. ఆరోగ్యం నిలకడగా ఉందన్న డాక్టరు అది ఎప్పటికీ ఇలాగే ఉంటుందనడం లేదు. ఇప్పటికి జారడం లేదంటున్నాడు, రేపు మళ్లీ చెబుతాడు. గడువు ఆ మాటలోనే ఉంది. నిలకడ లేని మనిషి అంటే మారే మనిషి అని కాదు, ఒకచోట ఉంచితే అక్కడ ఉండని మనిషి. ఉంచిన చోట ఉండటం, ఎంతవరకు ఉండాలో అంతవరకు. చలరాశికి కావలసింది సరిగ్గా అదే. నిలకడ చలరాశి అంటే చల, నిల రెండూ పక్కపక్కనే వచ్చినా వైరుధ్యం రాదు: మార్చితే మారుతుంది, మార్చకుండా పోదు.

నిజం నిలకడ మీద తెలుస్తుందని సామెత. అక్కడ నిలకడ అంటే కాలం గడవడమే. స్క్రిప్టు రాసేవాళ్లు ఆ సామెతను పని నియమంగా తీసుకోవచ్చు. నాబ్ తిప్పగానే ధ్వని మారింది కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. నిజం తెలిసేది మళ్లీ తెరిచినప్పుడే. కాంటాక్ట్‌లో నిలిపిన విలువలు మామూలుగా ఆన్ ఇనిట్ విభాగం పూర్తయ్యాకే తిరిగి వస్తాయి. ఆ విభాగంలోనే నాబ్ విలువ చదివి ఏదైనా లెక్క కడితే, లెక్కలోకి వచ్చేది పాత విలువ కాదు, పుట్టుక విలువ. తెర మీద నాబ్ సరైన చోటే కనిపిస్తుంది, వినపడేది మాత్రం వేరు. దానికోసమే రీడ్ పర్సిస్టెంట్ వార్ అనే ఆదేశం ఇచ్చారు, నిలిపినదాన్ని అప్పటికప్పుడే తెప్పిస్తుంది. ఆన్ పర్సిస్టెన్స్ ఛేంజ్డ్ అనే విభాగం ఇనిట్ తర్వాతా, స్నాప్‌షాట్‌ను, అంటే దాచుకున్న అమరికను, మార్చిన ప్రతిసారీ నడుస్తుంది. స్నాప్‌షాట్‌తో పాటు మారకూడని వాటికి, ఉదాహరణకు ఇప్పుడు ఏ పేజీ తెరిచి ఉందన్న సంగతికి, మేక్ ఇన్‌స్ట్ర్ పర్సిస్టెంట్ వేరే ఉంది. అది వాయిద్యంతో నిలుస్తుంది, స్నాప్‌షాట్‌తో కాదు. ఒకే భాషలో రెండు కొలతల నిలకడకు రెండు ఆదేశాలు పెట్టారంటే, అది కొలవవలసిన గుణమని ఆ భాష చేసినవాళ్లకూ తెలుసు.

కాబట్టి స్టోరేజీకి నిల్వ, స్టేట్‌కు స్థితి, పర్సిస్టెన్స్‌కు నిలకడ. ప్లగిన్ స్క్రిప్టింగ్ పాఠాలు తెలుగులో రాసేవాళ్లకూ, వీడియోల్లో చెప్పేవాళ్లకూ నా విన్నపం: శాశ్వతంగా సేవ్ అవుతుందని చెప్పకండి. ఈ విలువకు కిటికీ మూసేదాకా నిలకడ ఉంది, దీనికి ప్రాజెక్టు ఉన్నంతకాలం, దీనికి పేరు మార్చనంతకాలం అని గడువుతో సహా చెప్పండి. నిలకడ కంటే మంచి మాట మీ ఊరి వాడుకలో ఉంటే దాన్ని రాసి వాడుకలోకి తెండి, నేనూ అదే వాడతాను.